రెండోసారి ఎవరు పిలుస్తారు?

ఉద్యోగం పోయిన యువకుడి కోసం సంఘంలో ప్రార్థిస్తే, మరో మంచి ఉద్యోగం ఇమ్మని దేవుణ్ణి అడుగుతాం. అదే యువతి అయితే ఓర్పు ఇమ్మని అడుగుతాం, ప్రార్థన అయ్యాక పెళ్లి సంబంధాల మాట ఎత్తుతాం. సాఫ్ట్‌వేర్ రంగంలో దెబ్బతిన్న మన ఆడపిల్లలకు ఈ తేడా తెలియకపోదు.

అమెరికాలోని విట్నీ వోల్ఫ్ హెర్డ్ సంగతి చూడండి. టిండర్ అనే డేటింగ్ యాప్‌ను నిలబెట్టిన తొలి బృందంలో ఆమె ఒకరు. 2014లో బయటికొచ్చి, తనపై లైంగిక వేధింపులు, వివక్ష జరిగాయని కోర్టుకెక్కారు. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే ఆ ఏడాదే రాజీ కుదిరింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంటర్నెట్‌లో తిట్టిన తిట్లు, చంపుతామన్న బెదిరింపులు మాత్రం ఆమెను బాగా కుంగదీశాయి. అప్పటికి ఆమెకు పాతికేళ్లు.

మళ్లీ ఆ రంగం జోలికి వెళ్లకూడదనుకున్నారు. అమ్మాయిలు ఒకరినొకరు మెచ్చుకుంటూ మాట్లాడుకునే ‘మెర్సీ’ అనే యాప్ చేద్దామనుకున్నారు. బదూ అధిపతి ఆండ్రీ ఆండ్రీవ్ ఆమెను పిలిచి, తెలిసిన పనే చేయమని ఒప్పించి పెట్టుబడి పెట్టాడు. 2014 చివర్లో బంబుల్ పుట్టింది. మొదటి మాట స్త్రీయే కలపాలన్నది దాని తొలి నియమం. 2021 ఫిబ్రవరిలో కంపెనీ నాస్‌డాక్ మార్కెట్‌లో అడుగుపెట్టిన రోజు, 31 ఏళ్ల విట్నీ పసివాణ్ణి చంకనెత్తుకుని గంట కొట్టారు.

డేటింగ్ యాప్ కథ ఈ పేజీలో ఎందుకని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. యాప్‌ను మెచ్చుకోమనడం లేదు, ఆ పిలుపును చూడమంటున్నాను. మార్కు పంఫూలియలో పని విడిచి వెళ్లిపోయాడు గనుక అతణ్ణి మళ్లీ తీసుకెళ్లనని పౌలు పట్టుబట్టాడు. బర్నబా మాత్రం పౌలుతో విడిపోయి, మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. తిమోతికి రాసిన రెండో లేఖ నాటికి, మార్కు పరిచర్యకు కావాలని కబురు పంపినవాడు పౌలే! మార్కు తనంతట తానే వెనుదిరిగాడు, విట్నీ విషయం వేరు. ఆండ్రీవ్ కూడా బర్నబా ఏమీ కాడు, 79 శాతం వాటా తనే ఉంచుకున్నాడు. అయినా ఇద్దరికీ దొరికింది ఒట్టి ఓదార్పు కాదు, చేతినిండా పని.

ఆ తర్వాత విట్నీకి అంతా సుఖమే అనుకోనక్కర్లేదు. షేరు ధర దారుణంగా పడిపోయింది. 2024 జనవరిలో సీఈవో పదవి వదిలి, 2025 మార్చిలో మళ్లీ చేపట్టారు. ఆ జూన్‌లో సుమారు 240 ఉద్యోగాలు, అంటే సిబ్బందిలో దాదాపు 30 శాతం, తీసేస్తున్నట్టు ప్రకటించారు. రెండో అవకాశం అందుకున్న చేయే అంతమందిని బయటికి పంపడం మింగుడుపడని సంగతి. ఇప్పుడు వాళ్లనూ ఎవరో ఒకరు పిలవాలి.

మన సంఘాల్లో జీఎస్టీ లెక్కలు తెలిసిన ఆడిటర్లున్నారు, ఖాళీగా పడివున్న మేడమీది గదులున్నాయి, కంపెనీలో మాట చెల్లే మేనేజర్లున్నారు. మహిళా పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన వీ హబ్ హైదరాబాద్‌లోనే ఉంది. ఆదివారం ప్రకటనల్లో దాని పేరు ఎన్నిసార్లు విన్నాం? ప్రార్థన చీటీలో ఆ అమ్మాయి పేరుతోపాటు ఆమెకు ఏ పని వచ్చో కూడా పాస్టరుగారు చదివితే, వెనక బెంచీలోని మేనేజరు ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర ఆమె కోసం ఆగవచ్చు.