లెన్సు చావదు, చంపుతున్నారు

"ఆ రోజుల్లో అలా చేసేవాళ్లండీ, ఇప్పుడు కుదరదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు కుదరదు? అరవైల్లో, డెబ్బైల్లో జపాన్‌లోనూ జర్మనీలోనూ రష్యాలోనూ చేసిన మాన్యువల్ ఫోకస్ లెన్సులు ఈ రోజుకీ పనిచేస్తున్నాయి. చేసినవాళ్లు పోయారు, కొన్నవాళ్లు పోయారు, ఆ లెన్సులు బిగించిన కెమెరాలూ మూలపడ్డాయి. లెన్సులు మాత్రం మూడో చేతికి, నాలుగో చేతికి మారుతూ బొమ్మలు తీస్తూనే ఉన్నాయి. ఇవాళ పాతికవేలు పోసి కొన్న ఆటోఫోకస్ లెన్సు అన్నేళ్లు బతుకుతుందని దాన్ని అమ్మినవాడే చెప్పలేడు. దీన్ని కాలమహిమ అనుకుని ఊరుకోమంటారు. నేను ఊరుకోను. కొందరు బల్ల చుట్టూ కూర్చుని, లెక్కలు కట్టి తీసుకున్న నిర్ణయానికి కాలాన్ని నిందించడం అన్యాయం.

నికాన్ వారి నిక్కార్ 105 ఎంఎం, ఎఫ్ 2.5 లెన్సు దొరికితే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అరచేతిలో బరువు తెలుస్తుంది. దూరాల అంకెలను లోహంలో చెక్కి, ఆ గాడిలో రంగు నింపారు. గోటితో గీకినా పోవు. ఒక్కో అపర్చర్ అంకెకు ఒక్కో రంగు. పక్కనే అదే రంగులో సన్నగీతల జంట. ఆ అపర్చర్ పెడితే ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా బొమ్మ స్పష్టంగా పడుతుందో ఆ గీతలే చెబుతాయి. దానికి తెర అక్కర్లేదు, మెనూ అక్కర్లేదు. ఫోకస్ రింగు తిప్పితే లోపల ఒకదానిలో ఒకటి ఇమిడిన లోహపు మరలు పలచటి గ్రీజు పొర మీద జారుతూ అద్దాలను ముందుకు నెడతాయి. ఎక్కడా పట్టదు, ఎక్కడా వదులవదు. అడ్డంగా పడుకున్న ఎనిమిది గుర్తు దగ్గర ఠక్కున ఆగుతుంది. అపర్చర్ రింగు తిప్పితే లోపలి చిన్న స్టీలు గుండు ఒక్కో గాట్లో పడుతూ టిక్కు టిక్కుమంటుంది. చీకట్లో ఆ టిక్కులు లెక్కపెట్టుకుని అపర్చర్ పెట్టిన ఫొటోగ్రాఫర్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు! నికాన్ ఎఫ్‌ఎం2లు, పెంటాక్స్ కె1000లు మెడలో వేసుకుని తెల్లవార్లూ పెళ్లిళ్లు తీసినవాళ్లకు ఆ శబ్దం ఇప్పటికీ గుర్తుంటుంది.

1984లో పెషావర్ శివారు శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ ఆకుపచ్చ కళ్ల అఫ్ఘాన్ బాలికను ఫొటో తీసింది ఈ 105తోనే. మరుసటి ఏడాది జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద ఆ బొమ్మను లోకమంతా చూసింది. అదే లెన్సు ఈ రోజు ఎవరి బీరువాలోంచి బయటికి తీసినా, అద్దం శుభ్రంగా ఉంటే, అలాంటి బొమ్మ తీయడానికి సిద్ధంగా ఉంటుంది.

వీటికి జబ్బులు రావా? వస్తాయి. గ్రీజు గట్టిపడి రింగు బిగుసుకుంటుంది. అపర్చర్ రేకులకు నూనె అంటుకుని అవి మందగిస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలోనైతే అద్దం మీద సాలెగూడులా ఫంగస్ పాకుతుంది. అయితే వీటిలో మందు లేని జబ్బు ఏది? మరలు విప్పాలి, పాత గ్రీజు కడగాలి, కొత్తది రాయాలి. ఫంగస్ అద్దాన్ని తినకముందే చూసుకుంటే తుడిస్తే పోతుంది. ఏడు అద్దాల పెంటాక్స్ సూపర్ టకుమార్ 50 ఎంఎం, ఎఫ్ 1.4 సంగతి ఇంకా విచిత్రం. దాని గాజులో థోరియం కలిపారు. ఏళ్లు గడిచేకొద్దీ గాజు పసుపు పచ్చగా మారుతుంది. ఎండ తగిలేలా కొన్నాళ్లు కిటికీలో పెడితే ఆ పసుపు విరిగిపోతుంది. ఎండకు నయమయ్యే జబ్బు!

ఇక కొత్త లెన్సు. ఆటోఫోకస్ ఆగిపోయిందని నాదొకటి సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాను. కంపెనీ పేరు అనవసరం. అద్దం మీద గీత లేదు, బయట సొట్ట లేదు. "మోటారు పోయింది సార్, పార్టు రావట్లేదు, కొత్తది తీసుకోవడం బెటర్" అన్నారు. పోనీ, చేత్తో ఫోకస్ చేసుకుందామా అంటే అదీ లేదు. దాని రింగు అద్దాలను కదపదు, మోటారుకు కబురు పంపుతుందంతే. కరెంటు అందకపోయినా, మోటారు పోయినా ఆ రింగు ఉత్తినే తిరుగుతుంది. మేలు జాతి గాజు, దాని వెనక ఎవరెవరి శ్రమో, అంతా ఒక వేలెడంత మోటారు కోసం చెత్తబుట్ట పాలు. ఇది చూసి కడుపు మండకపోతే మనుషులమెలా అవుతాం?

వెంటనే కొందరు అందుకుంటారు: పాతవాటిలో మంచివే మిగిలాయి, చెడ్డవి ఎప్పుడో పోయాయి, అందుకే అన్నీ మంచివిగా కనబడుతున్నాయని. కొంత నిజమే. కొత్త లెన్సులు అంచుల దాకా పదునుగా ఉంటాయన్నది నిజం. ఎదురు వెలుతురుకు బాగా తట్టుకుంటాయన్నదీ నిజం. ఆటోఫోకస్ చురుగ్గా ఉండాలంటే కదిలే అద్దాలు తేలిగ్గా ఉండాలి, ఒప్పుకుంటాను. ప్లాస్టిక్ వాడటమే పాపమనీ అనను. కానీ మోటారు పెట్టినంత మాత్రాన ఆ మోటారును విడిగా అమ్మకూడదని ఏ భౌతిక శాస్త్రం చెప్పింది? ఎడ్డెం అంటే తెడ్డెం అనే ఈ వాదనలన్నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర నోరు మూసుకుంటాయి.

చరిత్ర చూడండి. కెనాన్ 1987లో ఈఓఎస్ కెమెరాలతో కొత్త మౌంటు (లెన్సును కెమెరాకు బిగించే అమరిక) తెచ్చి, దానికి సరిపడని తన పాత ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్లందరినీ నడిరోడ్డు మీద వదిలేసింది. ఆ ఏడాదే వచ్చిన 50 ఎంఎం, ఎఫ్ 1.8కి లోహపు మౌంటు, దూరాలు చూపే కిటికీ ఉండేవి. 1990 చివర్లో రెండో రూపం వచ్చేసరికి మౌంటు ప్లాస్టిక్ అయింది, కిటికీ మాయమైంది. మూడేళ్లలో భౌతిక శాస్త్రం మారిందా? మారింది ఖర్చుల లెక్క.

నికాన్ కథ వింటే ఇంకా బాధ. 1977లో లెన్సు అపర్చర్‌ను కెమెరాకు తెలియజేసే పద్ధతి (అపర్చర్ కప్లింగ్) మార్చినప్పుడు, పాత లెన్సులకు కొత్త అపర్చర్ రింగు వేసి, కొత్త కెమెరాలకు సరిపోయేలా ఆ కంపెనీయే చేసిపెట్టింది. కొన్నవాడి డబ్బుకు అంత మర్యాద! అదే నికాన్ అమెరికాలో 2012 నుంచి బయటి మెకానిక్‌లకు విడిభాగాలు అమ్మడం మానేసింది. 2020లో అధీకృత రిపేరు షాపుల ఒప్పందాలకూ మంగళం పాడింది. చేతకాక మానేశారని ఎవరైనా నమ్ముతారా? చేసి చూపించినవాళ్లే వాళ్లు.

నడిరోడ్డు మీద వదిలేసిన ఆ ఎఫ్‌డీ లెన్సులకు మళ్లీ ప్రాణం పోసింది మిర్రర్‌లెస్ కెమెరాలు. ఎఫ్‌డీకి లెన్సు మౌంటు నుంచి ఫిల్మ్ దాకా 42 మిల్లీమీటర్లు కావాలి. సోనీ మిర్రర్‌లెస్ కెమెరాల 'E' మౌంటులో ఆ దూరం 18 మాత్రమే. మిగిలిన 24 మిల్లీమీటర్లూ బోలు గొట్టం లాంటి ఒక అడాప్టర్‌తో నింపితే చాలు, లెన్సు చక్కగా పనిచేస్తుంది. అందులో చిప్పు లేదు, సాఫ్ట్‌వేర్ లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. లెన్సులో ఉన్నవి గాజు, లోహం, గ్రీజు మాత్రమే కాబట్టి ఇది సాధ్యమైంది. ఇవాళ్టి లెన్సుకు ఆ అదృష్టం ఉంటుందా? దాని మాట అర్థమయ్యే కెమెరా లేని రోజున దాని అపర్చర్ కూడా కదలదు.

మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులోనే పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్‌తో విడిభాగం రాదు. లెన్సు అమ్మిన ప్రతి కంపెనీ దాని మోటారును, రిబ్బన్ కేబులును, సర్క్యూట్ బోర్డును ఆ మోడల్ ఆపేశాక కూడా కనీసం పదిహేనేళ్లు అమ్మాలి. కోఠిలో చిన్న కొట్టు పెట్టుకున్న మెకానిక్ అడిగినా అమ్మాలి, విప్పే పద్ధతి రాసిన మాన్యువల్‌తో సహా. మోటారు చచ్చినా రింగు అద్దాలను కదపగలిగేలా చేయగలిగిన చోటల్లా చేయాలి. అలా చేయని లెన్సు పెట్టె మీద "విడిభాగాలు దొరకవు" అని ధర పక్కనే, ధరంత అక్షరాలతో అచ్చు వేయించాలి. అప్పుడు చూద్దాం, దాన్ని ఎంతమంది కొంటారో.