లారీ వెళ్లిపోయేలోపు ఒక్క ఫోటో

కొత్తగా రంగులేసిన లారీని ఫోటో తీయడం పెళ్లికూతుర్ని తీయడం కంటే కష్టం. పెళ్లికూతురు కాస్త పక్కకి జరగమంటే జరుగుతుంది. లారీ జరగదు, పైగా అద్దంలా మెరుస్తుంటుంది.

మా ఆటోనగర్‌లో లారీ బాడీలకి పెయింటింగ్ చేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. వెనక డోరు మీద నెమలి, తామరపువ్వు, 'హారన్ ప్లీజ్' అక్షరాలు... అన్నీ చేత్తోనే. నాలుగు రోజులు కూర్చుని వేసిన బొమ్మ ఐదో రోజు పొద్దున్నే పోర్టుకో, ఒడిశాకో వెళ్లిపోతుంది. మళ్లీ కనపడదు. తర్వాతి ఓనర్‌కి "ఇదిగో నా పని" అని చూపించాలంటే ఫోటో ఒక్కటే దిక్కు. అవతల స్టిక్కర్ షాపు వాళ్ల దగ్గర రంగురంగుల క్యాటలాగ్ ఉంది మరి!

రంగు అంటిన వేళ్లకి ఫోన్ టచ్ సరిగ్గా పలకదు. అందుకే ఆయన వాడేది బటన్లున్న పాత కాంపాక్ట్ కెమెరా. మీ బీరువాలోనూ ఒకటి పడుండే ఉంటుంది, తీయండి.

"ఏటి బాబూ, నెమలి మెడ కాడ ఈ తెల్ల మచ్చేటి?" అనడిగాడు ఓసారి. అది ఫ్లాష్. మెరిసే ఎనామిల్ రంగు మీద ఎదురుగా ఫ్లాష్ కొడితే వెలుగు తిన్నగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. రిఫ్లెక్టర్ టేపు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి ఫ్లాష్ ఆఫ్.

ఆపితే షెడ్డులో వెలుతురు చాలదు. అప్పుడు కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, మన చెయ్యి కదిలి అక్షరాలు అలుక్కుపోతాయి. లేదంటే ఐఎస్‌ఓ పెంచేస్తుంది. ఈ కెమెరాల్లో చాలావాటికి సెన్సర్ వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లే, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. ఐఎస్‌ఓ 400 దాటిందంటే నీలం మీద ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి. అందుకని ఐఎస్‌ఓ 100లో పెట్టి, కెమెరాని ఆయిల్ డ్రమ్ము మీద ఉంచి, 2 సెకన్ల టైమర్ నొక్కి చెయ్యి తీసేయండి. ఆగి ఉన్న బండికి అర సెకను షట్టరైనా పర్లేదు.

అసలు కిటుకు ప్లస్-మైనస్ గుర్తున్న బటన్‌లో ఉంది. కెమెరాకి పసుపేంటో నలుపేంటో తెలీదు. ముందున్నది ఏదైనా మధ్యస్థపు బూడిదరంగే అన్నట్టు వెలుతురు లెక్కేస్తుంది (మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, ఎవరో హార్డ్‌కోడ్ చేసి వెళ్లిపోయారు). ఫ్రేమంతా పసుపు బాడీ ఉంటే, "అబ్బో, వెలుతురెక్కువ" అనుకుని తగ్గించేస్తుంది. నిమ్మపండు రంగు కాస్తా ఆవపిండి రంగవుతుంది. ప్లస్ 0.7 దాకా జరపండి. ముదురు రంగు బండికి దీనికి ఉల్టా, మైనస్ వైపు. బాబాయ్‌కి ఇది రెండో ఫోటోకే ఎక్కేసింది. రంగులు కలిపే మనిషి కదా!

డోరుకి మరీ దగ్గరగా నిలబడితే అంచులు వంగి, బొమ్మ మధ్యలో ఉబ్బినట్టు వస్తుంది. అయిదారు అడుగులు వెనక్కెళ్లి కొంచెం జూమ్ చేయండి. ఆప్టికల్ జూమ్ మాత్రమే. డిజిటల్ జూమ్ ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది, దాన్ని మెనూలోకెళ్లి ఆపేయడమే మేలు. స్ప్రే గన్ నడుస్తున్నంతసేపూ కెమెరా సంచీ దాటి బయటికి రాకూడదు. లెన్స్ మీద థిన్నర్ గుడ్డ అసలే వద్దు.

ఇప్పుడు బాబాయ్ ప్లాస్టిక్ ఆల్బమ్‌లో 22 బళ్లున్నాయి. మొన్నొక ఓనర్ పేజీలు తిప్పుతూ నెమలి దగ్గర ఆగి, "ఇదే వెయ్యి, మెడ ఇంకాస్త పొడుగు" అన్నాడట.