బడిలో పిల్లల నోళ్లు కూడా చూడండి!

మహానంది మండలం తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, సర్పంచులకు విజ్ఞప్తి

పిల్లోడి నోట్లో పుండు లేస్తే "వేడి చేసిందిలే" అని తేనె రాస్తాం. మామూలు నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. దవడ వాస్తే గవదబిళ్లలని మెడలో బంగారు గొలుసు వేస్తాం. ఆ వాపూ పది రోజుల్లో దిగుతుంది. దిగకపోతే? పిప్పిపన్ను వేరు కింద పట్టిన చీము కావచ్చు. బయటికి రాని పన్ను చుట్టూ దవడ ఎముకలో పెరిగే తిత్తి కావచ్చు. ఈ తిత్తి చాలాసార్లు నొప్పి పెట్టదు, చిక్కంతా అక్కడే. ముఖం ఒకపక్క ఎత్తయ్యేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు.

భయపెట్టడానికి రాయడం లేదు. పిల్లల నోటి గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావు. కానీ ఆస్పత్రి లెక్కకెక్కేవి అక్కడిదాకా వెళ్లినవే. పుక్కిలించి ఊరుకున్నవి ఎవరు లెక్కపెట్టారు? ఎందరికి ఉన్నాయో తెలియాలంటే బడిలో నోరు తెరిపించి చూడాల్సిందే.

హైస్కూలు పిల్లలకు ఇంకో ముప్పుంది: వక్క, గుట్కా. వక్క క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 2004లోనే తేల్చింది. వీటిని నమిలేవాళ్లకు మొదట కారం తింటే మంట. తర్వాత బుగ్గ లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోదు. ఒకసారి బిగిసిన పొర మళ్లీ మునుపటిలా కాదు. 2019 జాతీయ సర్వేలో 13–15 ఏళ్ల విద్యార్థుల్లో 8.5 శాతం పొగాకు వాడుతున్నట్టు తేలింది. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మరాదన్న చట్టం 2003 నాటిది. బంకులకు వేలాడే పొట్లాల దండలకు ఆ సంగతి తెలిసినట్టు లేదు!

మేము అడిగేది పెద్ద ఖర్చు కాదు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) 2013 నుంచి ఉంది, పంటి జబ్బులూ దాని జాబితాలో ఉన్నాయి. 2019లో కంటి వెలుగు పథకం కింద బడిపిల్లల కళ్లు చూశారు. నోళ్లు చూడలేరా? టార్చి, చెక్కపుల్ల, పిల్లకు రెండు నిమిషాలు చాలు. ఏటా ఒకరోజు కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాల హౌస్ సర్జన్లను ప్రతి హైస్కూలుకూ పంపాలి. అనుమానం ఉన్న పిల్లలను నంద్యాల పెద్దాసుపత్రికి, అవసరమైతే కడపకు, బస్సు చార్జీలిచ్చి పంపాలి. కూలి మానుకుని చార్జీలూ పెట్టుకోమంటే ఏ తల్లి కదులుతుంది? శివరాత్రికి వేలాది మంది భక్తులకు ఏర్పాట్లు చేసే మండలానికి ఇదొక లెక్కా?

వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. ఈలోగా ఈ రాత్రే మీ పిల్లలను వెలుతురులో కూర్చోబెట్టి నోరు చూడండి. రెండు వారాలైనా మానని పుండు, తగ్గని వాపు ఉన్నా, పెద్దపిల్లల నోట్లో వాళ్ల మూడు వేళ్లు నిలువుగా పట్టకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

ఇట్లు,
మహానంది మండలం తల్లిదండ్రులు కొందరు