జవాబు తెలియని లెక్క పట్టండి

బీకాం చదువుతున్నవాళ్లు, సీఏ ఫౌండేషన్‌కు కుస్తీ పడుతున్నవాళ్లు, ఎంబీఏ కోసం ఐసెట్ రాస్తున్నవాళ్లు, అందరికీ ఈ పిలుపు. మీకు చాలా లెక్కలు వచ్చు. తరుగుదల రెండు పద్ధతుల్లోనూ కడతారు. ట్రయల్ బ్యాలెన్స్ కుదరకపోతే తేడాను సస్పెన్స్ ఖాతాలో వేసి ముందుకు పోవడమూ వచ్చు. గైడు చివర్న ఉన్న జవాబుతో మీది సరిపోయిందా, మార్కులు పడ్డట్టే. కానీ రేపు ఉద్యోగంలో మీ బల్ల మీదికొచ్చే లెక్కకు గైడు ఉండదు. ఒక్కోసారి లెక్కలో ఇచ్చిన అంకెలే అబద్ధమై ఉంటాయి. అలాంటి లెక్క పట్టడం ఇప్పుడే నేర్చుకోండి. దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాద్‌లోనే ఒకటుంది.

2009 జనవరి 7న సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన బోర్డుకు ఒక లేఖ రాశారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, నిర్వహణ లాభం 649 కోట్లు. అసలు ఆదాయం 2,112 కోట్లేనని, లాభం 61 కోట్లేనని ఆ లేఖ ఒప్పుకుంది.

ఇక్కడ ఆగి, పెన్ను తీయండి. 2,700 లోంచి 2,112 తీసేస్తే 588. 649 లోంచి 61 తీసేస్తే మళ్లీ 588! రెండు చోట్లా ఒకే అంకె ఎందుకొచ్చింది? నిజంగా పనిచేసి తెచ్చుకున్న ఆదాయం వెంట జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లులు వస్తాయి. లేని ఆదాయానికి ఏ ఖర్చూ ఉండదు. అందుకే కలిపిన ప్రతి రూపాయీ తిన్నగా లాభంలోకి దిగింది. 3 శాతం లాభం 24 శాతమై కూర్చుంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆదాయానికి క్రెడిట్ రాశాక ఎక్కడో ఒకచోట డెబిట్ రాయక తప్పదు. ఆ దొంగ 588 కోట్లకు బ్యాంకు నిల్వలో చోటు చూపించారు. ఆ ఒక్క త్రైమాసికంలోనే ఉత్తుత్తి నిల్వ అంత పెరిగిందని లేఖే చెప్పింది. ఏళ్ల తరబడి ఇలా పేర్చుకుంటూ పోతే, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివేనని చివరికి తేలింది. ప్రతి డెబిట్‌కూ ఒక క్రెడిట్ ఉంటుందని ఎన్నిసార్లు వల్లెవేసి ఉంటారు! ఆ సూత్రానికి ఎంత పదునుందో ఈ ఒక్క కేసు చూపిస్తుంది.

కేసు అంటే జరిగిపోయిన కథ చెప్పుకోవడం అనుకోకండి. నిర్ణయానికి ఒక్క అడుగు ముందు కథను ఆపేయాలి. 2008 డిసెంబర్ 16కి వెళ్లండి. మీరు సత్యం బోర్డులో స్వతంత్ర డైరెక్టర్. ఆ లేఖ ఇంకా రాలేదు. ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థల్లో ఒకదాన్ని పూర్తిగా, మరోదాంట్లో సగానికి పైగా వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదన మీ ముందుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి రియల్ ఎస్టేట్, నిర్మాణ సంస్థలు దేనికి? ధర ఎవరు కట్టారు? అంత నగదు చేతిలో ఉంటే వాటాదారులకే పంచొచ్చుగా? మీరైతే ఏమడుగుతారు? కాగితం మీద రాయండి.

బోర్డు ఆమోదించింది. వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే ఒప్పందం రద్దయింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమది అని తర్వాత లేఖలో బయటపడింది. ఆ బోర్డులో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు ఉన్నారు, మన ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. లెక్కలు వచ్చినంత మాత్రాన సరిపోదని దీన్నిబట్టి తెలుసుకోండి. పదిమంది తలూపుతున్నప్పుడు ఆగమనడం కూడా అలవాటు కావాలి, ఆ అలవాటు తరగతి గదిలో మొదలవ్వాలి.

హార్వర్డ్ నూరేళ్లుగా ఈ కేసు పద్ధతిలోనే పాఠం చెబుతోంది. 1961లో మొదలైన ఐఐఎం అహ్మదాబాద్ హార్వర్డ్ సహకారంతో దాన్ని మన దేశంలో నాటింది. ఆ తరగతిలో మాస్టారు చెప్పేది తక్కువ, అడిగేది ఎక్కువ. మాకు ఆ సీట్లు ఎక్కడివి అంటారా? దీనికి కావలసింది నలుగురు మనుషులు, ఒక వార్షిక నివేదిక, ఒక సాయంత్రం. స్టాక్ మార్కెట్లో ఉన్న ఏ కంపెనీ నివేదికైనా ఫోన్లోకి ఉచితంగా వస్తుంది.

నలుగురూ కూర్చోండి. ఒకరు అప్పివ్వాల్సిన బ్యాంకు మేనేజర్, ఒకరు వాటాదారు, ఒకరు ఆడిటర్, ఒకరు ఎండీ. ఛైర్మన్ ఫొటో ఉన్న పేజీలు తిప్పేసి వెనకనున్న నోట్స్‌తో మొదలుపెట్టండి. లాభం పెరుగుతుంటే నగదు కూడా వస్తోందా? అమ్మకాల కన్నా వేగంగా బాకీలు పెరుగుతున్నాయా? బ్యాంకులో అంత డబ్బు మూలుగుతుంటే వడ్డీ ఎంతొచ్చింది, మళ్లీ అప్పెందుకు తెచ్చారు? సొంతవాళ్ల సంస్థలతో లావాదేవీలు ఎన్ని? తెలుగులోనే వాదించుకోండి. తెలుగు మీడియం అని నోరు నొక్కుకోకండి, ముందు ఆలోచన తేలాలి, ఇంగ్లీషు తర్వాత అందుతుంది.

అది అయ్యాక మీ ఊరి రైసుమిల్లుకు వెళ్లండి. కోతల వేళ ధాన్యం కొనడానికి డబ్బంతా ఒక్కసారే పోస్తారు. బియ్యం నెలల తరబడి అమ్ముడవుతాయి, డబ్బు ఇంకా ఆలస్యంగా చేతికొస్తుంది. ఈలోగా బ్యాంకు వడ్డీ ఆగదు. పుస్తకంలో లాభమున్నా గల్లాపెట్టెలో రూపాయి ఎందుకుండదో యజమాని నోటే వినండి. వర్కింగ్ క్యాపిటల్ పాఠం మళ్లీ బట్టీ పట్టాల్సిన పనుండదు. విన్నది రెండు పేజీల్లో రాయండి, అదే మీరు రాసిన మొదటి కేసు. లెక్చరర్లకూ ఒక మనవి: సెమిస్టర్‌కు రెండు గంటలు దీనికి వదలండి. పిల్లలు తప్పు చెప్పినా చెప్పనివ్వండి.

సత్యం దెబ్బ తర్వాత 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది, స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు ఆడిటర్లను గడువు దాటాక మార్చి తీరాలంది. 2018లో ఆడిట్లపై నిఘాకు ప్రత్యేక సంస్థ పుట్టింది. అయినా ఏ చట్టమూ వోచరు తిప్పి చూడదు, మనిషే చూడాలి. బ్యాంకు నిల్వను ధ్రువీకరించే లేఖను ఆడిటరే పంపి, జవాబు నేరుగా తానే అందుకోవాలి. సత్యం ఆడిట్‌లో ఆ పని కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. రేపు ఆర్టికల్స్‌లో చేరితే అలాంటి లేఖలు చేరేది మీ చేతికే. "మేం పంపిస్తాంలే బాబూ" అని కంపెనీ అకౌంటెంటు నవ్వుతూ చెయ్యి చాపుతాడు. ఇవ్వకండి! "నేనే పంపిస్తాను సార్, జవాబు మా ఆఫీసుకే రావాలి" అనండి. ఆ ఒక్క మాట గట్టిగా అనగలిగే వెయ్యి గొంతుల్ని తయారుచేసుకుందాం. ఈ ఆదివారమే ముగ్గుర్ని కూడగట్టండి, ఒక నివేదిక తెరవండి, వాదన మొదలుపెట్టండి!