సౌర కణాల ముప్పు

1972 ఏప్రిల్‌లో అపోలో 16, డిసెంబరులో అపోలో 17 చంద్రుణ్ణి చేరి తిరిగివచ్చాయి. ఆ రెండు యాత్రల నడుమ, ఆగస్టు తొలివారంలో, సూర్యునిపై చెలరేగిన విస్ఫోటాలు అధికశక్తి గల ప్రోటాన్లను అంతరిక్షంలోకి వెదజల్లాయి. ఆ వేళ చంద్రతలంపై స్పేస్‌సూట్ మాత్రమే రక్షణగా ఎవరైనా ఉండి ఉంటే వికిరణ వ్యాధి, అంటే ఎముక మజ్జలో రక్తకణాల ఉత్పత్తి దెబ్బతిని వాంతులతో మొదలయ్యే తీవ్ర అస్వస్థత, వచ్చి ఉండేదని తర్వాతి అంచనాలు సూచించాయి. వ్యోమగాములను నాడు కాపాడినవి ప్రయాణ తేదీలే.

యంత్రాలకూ మినహాయింపు లేదు. ఒకే ఒక్క కణం చిప్‌లోని సున్నాను ఒకటిగా మార్చి తప్పుడు ఆదేశం పుట్టించగలదు. 2003 అక్టోబరు సౌర తుపానులో, అంగారకుని చుట్టూ తిరుగుతున్న మార్స్ ఒడిస్సీలో మూగబోయినది వికిరణాన్ని కొలిచేందుకే అమర్చిన పరికరం కావడం విచిత్రం.

భారత వ్యోమగాములను మోసుకెళ్లే గగన్‌యాన్ నౌక తిరగవలసిన సుమారు 400 కిలోమీటర్ల ఎత్తు కక్ష్యకు భూ అయస్కాంత క్షేత్రం చాలావరకు రక్షణ కల్పిస్తుంది గాని, 2040 నాటికి భారతీయుణ్ణి చంద్రునిపై దింపాలన్న లక్ష్యానికి ఆ గొడుగు లేదు. అతివేగంగా వచ్చే ప్రోటాన్లు గంటలోపే చేరగలవు గనుక ముందస్తు హెచ్చరికతో పాటు, హైడ్రోజన్ అధికంగా ఉండే నీరు, ప్లాస్టిక్ వంటి పదార్థాలను అడ్డుగా అమర్చిన ఆశ్రయం నౌకలోనే ఉండాలి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1 ఈ కణాలను కొలిచే పరికరాలను మోసుకెళ్లింది; ఆ సమాచారాన్ని చంద్రయాత్ర నౌక రూపకల్పనలో ఇస్రో ఇప్పటినుంచే వినియోగించాలి.