సరుకు సంగతేమిటి?

సంపాదకులకు,

యూరప్ నగరాల్లో సైకిళ్లు, ట్రాములు, కార్లు లేని వీధుల గురించి మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా ఉంది. కానీ ఆ వీధుల్లోని కొట్లకు సరుకు ఎలా చేరుతుందో వ్యాసకర్త ఒక్క ముక్కా రాయలేదు. మనిషి సైకిలెక్కి వస్తాడు సరే, బీరు పీపా రాదు కదా!

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌నే చూడండి. అక్కడ పాత కాలువ గట్ల కింద నేలమాళిగలున్నాయి. బరువైన లారీలు పైన తిరిగితే అవి దెబ్బతింటాయని ఆంక్షలు పెట్టారు. హోటళ్లకు, బార్లకు 1996లో సరుకు పడవలో వెళ్లడం మొదలైంది. 2010లో ఆ పనికి విద్యుత్ పడవ దిగింది. పారిస్‌లోనూ కొన్ని ఫ్రాన్‌ప్రీ కిరాణా దుకాణాల సరుకు 2012లో సెన్ నది మీద రావడం మొదలైంది. రేవు నుంచి కొట్టు దాకా మళ్లీ లారీయే అనుకోండి.

పౌరుల మనసు మారితే చాలన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. ఉట్రెక్ట్‌లో పడవ నడిపింది మునిసిపాలిటీ. డ్రెస్డెన్‌లో ఫోక్స్‌వాగన్ కర్మాగారానికి విడిభాగాలు మోసిన సరుకు ట్రాము 2001లో మొదలై 2020లో ఆగిపోయింది. ఒక్క కంపెనీ అవసరం మీద నడిచే ఏర్పాటు అంతే. ఈ వ్యాసానికి కొనసాగింపు ఉంటే, అందులోనైనా సరుకు రవాణాకు చోటివ్వండి.

– ఒక పాఠకుడు