అడుగు పెట్టని దేశానికీ వీసా

2023 అక్టోబరులో మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్ ఒక కొత్త రుసుము పెట్టింది. భారత్‌తో పాటు పలు ఆఫ్రికా దేశాల పాస్‌పోర్టులతో వచ్చి తన విమానాశ్రయంలో విమానం మారేవాళ్లు తలకు వెయ్యి డాలర్లు కట్టాలి. పన్నుతో కలిపి 1,130. పేరుకు అది విమానాశ్రయ అభివృద్ధి కోసం. అసలు సంగతి వేరు. అక్కడ విమానం మారి నికరాగువాలో దిగి, నేలదారిన అమెరికా సరిహద్దు చేరేవాళ్లు పెరగడం వాషింగ్టన్‌కు కంటగింపైంది.

రెండు నెలలు తిరిగేసరికి అదే దారి ఫ్రాన్స్‌లో బయటపడింది. ఫుజైరా నుంచి నికరాగువా వెళ్తున్న విమానం డిసెంబరు 21న ఇంధనం కోసం వాట్రీ విమానాశ్రయంలో దిగింది. లోపల 303 మంది. దాదాపు అందరూ భారతీయులే. మానవ అక్రమ రవాణా అనుమానంతో పోలీసులు విమానాన్ని ఆపేశారు. డిసెంబరు 26న ముంబయికి తిరిగొచ్చింది 276 మంది. మిగిలినవారిలో కొందరు ఫ్రాన్స్‌లోనే ఆశ్రయం కోరారు. ట్రాన్సిట్ అంటే ధనిక దేశాలకు గుబులెందుకో ఆ చివరి మాటలోనే తెలుస్తుంది. పోతూ పోతూ కాసేపు ఆగిన మనిషైనా ఆశ్రయం అడిగితే ఆ మొర వినాల్సిందే. వినకూడదనుకుంటే ఒక్కటే ఉపాయం, అసలు విమానమే ఎక్కనివ్వకపోవడం.

ఆ ఉపాయానికి చట్టరూపం ఇచ్చిన దేశాల్లో బ్రిటన్ ముందుంది. 1987 ఫిబ్రవరిలో శ్రీలంక తమిళులు పదుల సంఖ్యలో హీత్రూలో దిగి ఆశ్రయం కోరారు. వెనక్కి పంపబోతే విమానం దగ్గరే బట్టలు విప్పి నిరసన తెలిపారు. కొద్ది వారాలకే ప్రభుత్వం కొత్త బిల్లు తెచ్చింది. సరైన పత్రాలు లేని ప్రయాణికుణ్ని తీసుకొచ్చిన విమానయాన సంస్థకు వెయ్యి పౌండ్ల జరిమానా. తర్వాత అది రెండు వేలైంది. 1993లో ట్రాన్సిట్ వీసానూ అందులో చేర్చారు. 1996 మార్చిలో ఐరోపా సమాఖ్య, విమానం మారడానికీ వీసా తీసుకోవాల్సిన పది దేశాల ఉమ్మడి జాబితా ప్రకటించింది. ఐరోపా ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంజెన్ నేటి జాబితాలో 12 దేశాలున్నాయి. మన పొరుగున ఉన్న పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక అందులో ఉన్నాయి, భారత్ లేదు. అలాగని మనవాళ్లకు చింత లేదనుకోవడానికి వీల్లేదు. 2009 నాటి వీసా నియమావళి ప్రకారం ఏ సభ్యదేశమైనా సొంతంగా పేర్లు కలుపుకోవచ్చు. జర్మనీ ఏళ్ల తరబడి భారత్‌ను అలాగే కలుపుకొంది.

జరిమానా భయం పనిచేసే చోటు ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, శంషాబాద్. చెకిన్ కౌంటర్లోని ఉద్యోగి ‘టైమాటిక్’ అనే సమాచార వ్యవస్థలో పాస్‌పోర్టు, దారి, వీసాల వివరాలు కొట్టి చూస్తారు. ఐరోపా నిబంధనల ప్రకారం ఒక్క ప్రయాణికుడి విషయంలో పొరపాటు జరిగినా సంస్థపై పడే జరిమానా వేల యూరోల్లో ఉంటుంది. అనుమానం వస్తే ఆపేయడమే వారికి క్షేమం. వీసా తిరస్కరిస్తే రాయబార కార్యాలయం కారణమైనా రాసిస్తుంది. కౌంటర్లో ఆగిపోయినవారికి అప్పీలూ లేదు, టికెట్ డబ్బుకు భరోసా అంతకన్నా లేదు. ప్రభుత్వం చేయాల్సిన పనిని ప్రైవేటు సిబ్బందికి అప్పగించి, జవాబుదారీతనాన్ని మాత్రం ఎవరికీ అప్పగించకపోవడం ఈ ఏర్పాటులోని అసలు లోపం.

అమెరికాలోని తెలుగువారిని బాగా ఇబ్బంది పెట్టేది మినహాయింపుల మెలిక. గడువున్న అమెరికా వీసా ఉంటే హీత్రూలోనూ, షెంజెన్ విమానాశ్రయాల్లోనూ సాధారణంగా ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. కొత్తగా చదువుకు వెళ్లే విద్యార్థికి కాబట్టి సమస్య లేదు. అదే విద్యార్థి నాలుగైదేళ్లకు హెచ్-1బిలోకి మారి, పెళ్లికో పండక్కో ఇంటికి బయల్దేరేటప్పుడు చూడండి: చేతిలో ఐ-797 ఆమోదపత్రం ఉంటుంది, పాస్‌పోర్టులో స్టాంపు గడువు మాత్రం ఎప్పుడో తీరి ఉంటుంది. అమెరికాలో ఉండటానికి ఆ కాగితం చాలు, లండన్‌లో విమానం మారడానికి చాలదు. స్టాంపింగ్‌కు వచ్చేవాళ్లు దుబాయ్, దోహా, అబుదాబి దారి పట్టడానికి టికెట్ ధర ఒక్కటే కారణం కాదు.

అమెరికా తీరు మరీ విచిత్రం. ట్రాన్సిట్ ప్రయాణికులను లోపలే ఉంచే ఏర్పాటు అక్కడ లేనే లేదు; ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ మయామీలో విమానం మారినా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. వీసా లేని ట్రాన్సిట్ పథకాలను భద్రత పేరుతో 2003 ఆగస్టులో నిలిపివేశారు. భారతీయులకు ఇప్పుడు సి-1 వీసా అయినా ఉండాలి, మరో అమెరికా వీసా అయినా ఉండాలి.

అయితే ఈ గేట్లను డబ్బు కదిలిస్తుంది. వీసా అవసరం లేని దేశాలవారికి బ్రిటన్ ఎలక్ట్రానిక్ అనుమతి తప్పనిసరి చేసినప్పుడు, విమానం మారడానికి వచ్చేవాళ్లు పక్క దేశాలకు తరలిపోతున్నారని హీత్రూ యాజమాన్యం గట్టిగా మొత్తుకుంది. 2025 జనవరిలో, సరిహద్దు తనిఖీ దాటనివారిని ఆ నిబంధన నుంచి తప్పించారు. 2026 జనవరిలో భారత్‌కు వచ్చిన జర్మనీ ఛాన్సలర్ ఫ్రెడరిక్ మెర్జ్, భారత పాస్‌పోర్టుదారులకు ట్రాన్సిట్ వీసా ఎత్తివేస్తున్నట్లు ప్రకటించారు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం నడుపుతున్న లుఫ్తాన్సాకూ అది తీపి కబురే.

ఈ వెసులుబాటు అంతర్జాతీయ ట్రాన్సిట్ ప్రాంతం దాటనివారికే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి లిస్బన్ మీదుగా బోస్టన్ వెళ్లే చవక టికెట్ కొన్నవారు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే షెంజెన్ గడప దాటాలి. వారికి కావాల్సింది మామూలు షెంజెన్ వీసా. రెండు టికెట్లు విడివిడిగా కొని, సామాను బయటికొచ్చి తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సినవారి పరిస్థితీ ఇంతే.